వంకర జంపర్లు

వరసలో పెట్టాడట. వంకరటింకరగా ఉన్నాయట, చూడ్డానికి బాగాలేవట, అందుకని నా కంప్యూటర్ మూత విప్పి, దుమ్మంతా ఊది, లోపలి కార్డు మీద పిన్నులకి టోపీల్లా తొడిగిన నాలుగు నల్ల జంపర్లను గోటితో పీకి, తన పనిలో దారం పట్టి టైల్స్ పరిచినట్టు ఒకదాని కింద ఒకటి వరసలో పెట్టాడట మా తమ్ముడు. పెట్టినవాడు అక్కడితో ఊరుకున్నాడా? మూత బిగించి, చేతులు దులుపుకుని, నా చక్రాల కుర్చీ ముందుకొచ్చి నిలబడి, "లోపలంతా అద్దంలా చేసేశానక్కా. ఆ నల్లవి ఎవడు పెట్టాడో గాని ఒకటి అటు, ఒకటి ఇటు, చూస్తే ఒళ్ళు మండిపోయిందనుకో" అని కూడా అన్నాడు. ఎవడు పెట్టాడో! నేను పెట్టాన్రా. ఈ చేతులు ఇంకా చేతులుగా ఉన్నప్పుడు నీ అక్కే పెట్టింది. ఆ మాట అందామంటే నోరేదీ? నా నోరు ఆ కార్డు వెనక సాకెట్‌కి తగిలించిన ఇటుకంత డబ్బాలో ఉంది. నా వేలు గడ్డం కింద బిగించిన ఒకే ఒక్క బొత్తాంలో ఉంది, దాని తీగ కూడా ఆ కార్డుకే వెళ్తుంది. రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. నా విషయంలో అది సామెత కూడా కాదు, ఉన్నమాటే.

తెర మాత్రం భేషుగ్గా వెలుగుతోంది. చుక్క చుక్కగా ఒకప్పుడు నేనే గీసుకున్న అక్షరాలు గడుల్లో బుద్ధిగా కూర్చున్నాయి. వాటి మీదుగా పచ్చటి వెలుగు ఒక్కో వరస దిగుతూ పోతోంది. నాకు కావలసిన వరస దగ్గరికి అది రాగానే గడ్డంతో బొత్తాం నొక్కాలి, ఆగుతుంది. తర్వాత ఆ వరసలో ఒక్కో అక్షరం మీదికి జరుగుతుంది, మళ్ళీ నొక్కాలి. అలా ఒక మాటయ్యాక డబ్బా పలుకుతుంది. నేను మాట్లాడటమంటే అంతే. ఇప్పుడు నొక్కుతున్నాను, నొక్కుతూనే ఉన్నాను, వెలుగు ఆగడం లేదు. క వరస పోయింది, చ వరస పోయింది, అడుగుకి వెళ్ళి మళ్ళీ పైనించి మొదలైంది. బస్టాపులో చెయ్యెత్తి నిలబడ్డవాణ్ణి చూసి కూడా ఆపని బస్సుల్లా పోతున్నాయి నా అక్షరాలు. వీడేమో పక్కన నిలబడి, "పనిచేస్తోందిగా అక్కా, కదుల్తోందిగా" అంటాడు. కదిలితే పనిచేసినట్టా? ఫ్యాను కూడా కదుల్తుంది.

నాలుగింటికి వికలాంగుల ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ వస్తుంది. మూడు దాటింది, గోడ గడియారంలో పెద్ద ముల్లు అప్పుడే కిందికి దిగుతోంది. ఆవిడ రెండు బస్సులు మారి వచ్చేది నా మొహం చూడ్డానికి కాదు, నా మాట వినడానికి. కాళ్ళూ చేతులూ ఆడనివాళ్ళని చూసుకునే ఆ కొత్త వసతిలో ఒక గది ఖాళీ అయింది. కావాలో వద్దో నేను చెప్పాలి, ఇవాళే చెప్పాలి, నా మాటగా చెప్పాలి. కళ్ళ సైగలు చెల్లవట. కళ్ళు పైకెత్తితే అవును, మూసుకుంటే కాదు అని ఈ ఇంట్లో గోడలకి కూడా తెలుసు, కాని ఆఫీసు గోడలకి తెలియదు. సైగకి అర్థం చెప్పేది ఇంట్లోవాళ్ళే కాబట్టి అది ఇంట్లోవాళ్ళ మాటే అవుతుందని పోయినసారి ఆవిడే చెప్పింది. మంచి మనిషే, కసురుకోలేదు, రూలుని రూలులాగే చెప్పింది. నేను సొంతంగా చెప్పలేకపోతే దగ్గరి బంధువు చెప్పిందే నా ఇష్టంగా రాసుకుని వెళ్ళిపోతారు. గది ఇంకొకరికిస్తారు. నా దగ్గరి బంధువు ఇదిగో, ఇక్కడే, నా కంప్యూటర్ ప్లగ్గు పీకి మళ్ళీ పెడుతున్నాడు. వాడేం చెప్తాడో నాకు తెలుసు. అక్కకి ఇక్కడే ఇష్టమండీ అంటాడు. ప్రేమగా అంటాడు. గుండె మీద చెయ్యేసుకుని మరీ అంటాడు, అదే నా ప్రాణానికొచ్చింది.

నేను వెళ్ళాలనుకుంటున్నాను. ఈ ఒక్క ముక్క ఎవరికీ చేర్చలేక చచ్చిపోతున్నాను. ఆ వసతి చూడ్డానికి మరదలు నన్ను తీసుకెళ్ళింది, వీడు పనికెళ్ళిన రోజున. పెద్ద గొప్ప చోటేమీ కాదు, పొడుగాటి వరండా, గచ్చు మీద చక్రాల గీతలు, వంటింట్లోంచి గిన్నెల మోత. మధ్య గదిలో నాలాంటి వాళ్ళు కూర్చున్నారు. ఒకాయన, రిటైరైన రైలు గార్డు, నుదుటికి కట్టుకున్న పుల్లతో అట్ట మీద అక్షరాలు చూపిస్తూ నాకొక జోకు చెప్పాడు. ఎంతసేపు చెప్పాడో! గదిలో అందరూ ఆ చివరి మాట కోసం కాచుకుని కూర్చున్నారు. ఒక్కరు కూడా మధ్యలో అందుకోలేదు, ఇదేనా, అదేనా అనలేదు. జోకు పరమ చెత్తగా ఉంది. నేను నవ్విన నవ్వుకి కుర్చీ బెల్టు ఊడొచ్చింది. మరదలు నన్నే చూస్తూ ఉండిపోయింది. ఇంటికొచ్చిన సాయంత్రం ఈ డబ్బాతో తమ్ముడికి చెప్పబోయాను. నాకు అక్కడ, అని నొక్కానో లేదో, "నచ్చలేదు, తెలుసులే అక్కా, నేనుండగా నిన్ను ఎక్కడికో ఎందుకు పంపుతాను" అని నా తల నిమిరి టీవీ పెట్టేశాడు. మొదలుపెట్టింది నేను, పూర్తిచేసింది వాడు, అది నా అభిప్రాయం అయిపోయింది. అప్పట్నించి వీధంతా చెప్పాడు అక్కకి అక్కడ నచ్చలేదని.

ఎప్పుడూ ఇంతే. న నొక్కితే నీళ్ళు తెస్తాడు. నిన్న వార్తల్లో విన్న సంగతి చెబుదామని న నొక్కినా నీళ్ళే. చ నొక్కితే చలేస్తోందని దుప్పటి కప్పుతాడు, మండే ఎండలో కప్పుతాడు. నాకు దాహం, చలి, నిద్ర తప్ప ఇంకేమీ ఉండవని ఎవరు చెప్పారు వీడికి? మాట మధ్యలో అందుకోవడం సాయమనుకుంటాడు. గ్లాసు అందించినట్టు మాట కూడా అందిస్తున్నాననుకుంటాడు. వాడి మీద కోపం వచ్చినప్పుడు క నొక్కుతాను, కాఫీ వస్తుంది. ఆ కాఫీ తాగలేక, పారబోయమనలేక, గొంతులో పోయించుకుంటాను. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

నోరున్నప్పుడు మాత్రం ఏం వెలగబెట్టారు లోకులు? మా రిపేరు షాపులో బల్ల వెనక కూర్చునేదాన్ని, ముందు కార్డుల గుట్ట, చేతిలో సన్నటి పటకారు. కంప్యూటర్లు ఇనప్పెట్టెల్లా ఉన్న రోజులవి. లోపలికొచ్చినవాడు నన్ను చూసి, నా తల మీదుగా చూసి, "లోపల సారున్నారా?" అనేవాడు. సారున్నాడు, వెనక టీ తాగుతున్నాడు, ఆయనకి జంపరంటే ఏమిటో నేనే చెప్పాను. ఆయన మాత్రం దాచుకునేవాడు కాదు, "మా జంపరమ్మ చూస్తుంది" అని మళ్ళీ నా బల్ల దగ్గరికే తోలేవాడు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ఏడుపు. కొత్త కార్డు తెచ్చి పెట్టాను, కొత్తదీ పనిచేయదు, పాతదీ చచ్చింది. కొత్త కార్డు పెట్టాలంటే దానికో ఇంటి నంబరు ఇవ్వాలి నాయనా, ఆ నంబరు పాత కార్డుకి ఇచ్చిందే మళ్ళీ ఇవ్వకూడదు, వీధిలో రెండిళ్ళకి ఒకటే నంబరుంటే పోస్టుమాను ఏ ఇంట్లో ఉత్తరం వేస్తాడు? అదొక్కటే కాదు, ప్రతిదానికీ పిలుపు తాడు కూడా ఉంటుంది. నాకు పనుంది ఇటు చూడు అని పెద్ద చిప్పుని పిలవడానికి లాగే తాడు. ఒకే తాడుని ఇద్దరు లాగితే ఎవరు పిలిచారో దానికి తెలియదు. ఆ నంబర్లూ ఆ తాళ్ళూ చెప్పేవే ఈ నల్ల టోపీలు. ఇత్తడి పిన్నులు జతలు జతలుగా నిలబడి ఉంటాయి, ఏ జత మీద టోపీ పెడితే ఆ నంబరు, ఆ తాడు. అంటే టోపీలు వంకరగా ఉండాల్సిందే. అన్నీ ఒక వరసలో ఉన్నాయంటే దాన్నింకా ఎవరూ పట్టించుకోలేదన్నమాట. ఇంత చెప్పినా, డబ్బులిచ్చేటప్పుడు, "సారుకి థాంక్సు చెప్పండి" అని పోయేవాళ్ళు.

తర్వాత నా చేతులు మొదలుపెట్టాయి వణకడం. నరాల జబ్బు, పేరు చెప్పుకున్నంత మాత్రాన తగ్గేది కాదు. వేళ్ళు పోయాక నాలుక పోతుందని డాక్టరు ముందే చెప్పేశాడు, దానికి మాత్రం ఆయన మెహర్బానీ. నేను ఏడుస్తూ కూర్చోలేదు. షాపులో పక్కన పడేసిన మిషన్ ఒకటి ఏరుకున్నాను. గొంతు డబ్బా ఎక్కడో సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. మిషన్‌తో పుట్టిన కార్డు తన వెనక ఉన్న రెండు సీరియల్ సాకెట్లకీ ఒక ప్యారలల్ సాకెట్‌కీ నంబర్లూ తాళ్ళూ అప్పటికే వాడేసుకుని కూర్చుంది, దాన్ని తీద్దామంటే డిస్కులు కూడా దాని మీదే ఆధారపడ్డాయి. అందుకని రెండో కార్డు పెట్టి, మిగిలిన నంబరేదో, మిగిలిన తాడేదో వెతికి వెతికి నా గొంతుకి ఇచ్చాను. నా బొత్తాం తగిలించిన ప్యారలల్ సాకెట్‌కి నంబరు మాత్రం ఇచ్చి, తాడు ఇవ్వలేదు, ఎందుకంటే మిగిలిన ఒక్క తాడూ గొంతుకే కావాలి. బొత్తాం నొక్కానా లేదా అని ప్రోగ్రామే పదే పదే తొంగి చూసుకుంటుంది, పిలవక్కర్లేదు. కాబట్టి ఆ నాలుగో టోపీని ఏ జత మీదా దించకుండా, పారేస్తే రేపు మళ్ళీ దొరకదని, ఒక్క పిన్నుకి ఒంటికాలి మీద వేలాడదీశాను. మా పని తెలిసినవాళ్ళందరూ అలాగే చేస్తారు. పటకారు మూడుసార్లు జారింది. నా చేతులు చేసిన ఆఖరి పని అది. దాన్ని పట్టుకుని వంకర అన్నాడు వీడు.

ఆ డబ్బా గొంతు చూస్తే నవ్వొస్తుంది ఎవరికైనా. తెలుగు దానికి రాదు, నేనే శబ్దాలు కూర్చి కూర్చి నేర్పాను. ళ అనమంటే ల అంటుంది, ణ అనమంటే న అంటుంది, జలుబు చేసిన పోలీసులా ఉంటుంది. కొత్త టాబ్లెట్లు వచ్చాయని, అందులో తేనెలాంటి ఆడగొంతు ఉందని తమ్ముడు ఎన్నిసార్లు చూపించాడో. ఆ తేనె గొంతు ప్రతి దుకాణంలోనూ, ప్రతి లిఫ్టులోనూ వినిపిస్తుంది. ఇది మాత్రం నా ఒక్కదానిదే.

"హలో, అవునండీ, పాతదండీ, వెనక లావుపాటి సాకెట్లుంటాయి చూడండీ, అవే" అంటున్నాడు తమ్ముడు ఫోన్లో. స్పీకరు పెట్టాడు. అవతలి షాపువాడు ఆవులిస్తూ, ఇంకా అవి వాడుతున్నారా, మ్యూజియంలో పెట్టండి అంటున్నాడు. వీడు నవ్వలేదు, పాపం. చెమటలు పట్టాయి. కాని పాపం అనుకోవడానికి నాకు ఓపిక లేదు. ఇంతలో ఒక నల్లటి ఆలోచన వచ్చి కూర్చుంది, కావాలనే చేశాడా అని. సరిగ్గా ఇవాళే, సరిగ్గా ఆవిడ వచ్చే ముందే శుభ్రం చేయడమేమిటి? కంప్యూటర్ కడుపులో దుమ్ము ఆఫీసరమ్మకి ఎలా కనిపిస్తుంది, ఆవిడేమైనా మూత విప్పి చూస్తుందా? కానీ వీడికి ఎవరు ఇంటికొచ్చినా ఇంతే, బీరువా వెనక గోడ కూడా తుడుస్తాడు. ఎవరింట్లోనో మెట్టు మీద ఒక టైలు అరంగుళం పక్కకి జరిగిందని రాత్రి అన్నం మానేశాడు. కుట్ర చేసేంత తెలివే ఉంటే జంపర్లు వరసలో పెట్టడు, ఒకటి పీకి దాచేస్తాడు. తెలిసి చేసుంటే కనీసం ఎదురుపడి పోట్లాడేదాన్ని. ఇది ప్రేమ. ప్రేమతో పోట్లాడ్డం ఎలాగో నాకు తెలియదు, ఒళ్ళంతా ఉడికిపోతోంది.

"పోనీలే, టెన్షన్ పడకక్కా, ఆవిడ వస్తే నేను చెప్తాగా" అన్నాడు ఫోను పెట్టేసి. నేను కళ్ళు మూసుకున్నాను. కాదు. మళ్ళీ తెరిచి మళ్ళీ మూసుకున్నాను. కాదు, కాదు. "నిద్దరొస్తోందా?" అన్నాడు.

గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. చేతిలో తడి గుడ్డ. ఇంతసేపూ అక్కడే ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు. దాని మీద కూడా మండిపోతోంది నాకు. నీకు తెలుసుగా, నువ్వు చూశావుగా ఆ గదిలో నా నవ్వు, చెప్పొచ్చుగా మొగుడికి? చెప్పదు. చెబితే ఆడపడుచుని ఇంట్లోంచి గెంటేస్తోందంటారు వీధిలో, ముందుగా వీడే అనుకుంటాడు. నా ఒళ్ళు తుడిచి తుడిచి దానికి నడుం పడిపోయింది, ఆ నడుం నొప్పే దాని నోరు నొక్కేస్తోంది, తన సుఖం కోసం అంటోందంటారేమోనని. ఈ ఇంట్లో నోరున్నవాళ్ళు కూడా మాట్లాడలేరు, అదీ సంగతి. అలా అనుకుంటూ ఉండగానే మరదలు లోపలికొచ్చింది, గుడ్డ కుర్చీ మీద పడేసింది.

"ఏవండీ, మీరు కదిపినవి ముందు ఎలా ఉండేవో వదిననే అడగొచ్చుగా. పెట్టింది వదినే."

వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "నువ్వు పెట్టావా?" కళ్ళు పైకెత్తాను. "ఆ వంకరలన్నీ నువ్వే పెట్టావా?" ఇంకా పైకెత్తాను, కనుగుడ్లు నొప్పెట్టేదాకా. వాడి మొహం చూడాలి. ఎదురింటివాళ్ళ గోడ అనుకుని కూలగొట్టాక అది తన గోడేనని తెలిసినవాడి మొహం. వాడు ప్లగ్గు పీకి, మూత విప్పి, కార్డుని రెండు చేతులతో లాగి, పేపరు మీద పెట్టి, నా ఒళ్ళో, కుర్చీకి బిగించిన బల్ల మీదికి తెచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఆ మోకాళ్ళు గచ్చుల మీద అరిగిపోయినవి, కిర్రుమన్నాయి. ఎన్నేళ్ళయిందో ఆ కార్డుని చూసి. ఎంత చిన్నదిగా ఉంది!

"ఇదిగో, పైనుంచి మొదటి వరస. ఎడం వైపు మొదటి జతా?" మూశాను. "రెండోదా?" మూశాను. "మూడోదా?" ఎత్తాను. టోపీ ఎక్కింది. కిందికి దిగాడు. మళ్ళీ మొదటిదా, రెండోదా, మూడోదా. టైలు ఎక్కడ కొయ్యాలో గీత గీసుకునేటప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. తొందర లేదు, ఊహించడం లేదు, నా కళ్ళు ఏమంటే అదే. నా బతుకులో వీడు నన్ను ఇన్ని ప్రశ్నలు అడిగింది ఇవాళే. ఇన్నాళ్ళూ ఇదెక్కడ దాచుకున్నాడు? పిన్నుల గురించైతే అడిగావు గాని, మనిషి గురించి ఎందుకు అడగవురా? మూడో వరస కూడా అయింది. నాలుగోది మిగిలింది.

"మొదటిదా?" కాదు. "రెండోదా?" కాదు. అక్కడ ఉన్నవే రెండు జతలు. వాడు నా కళ్ళలోకి చూశాడు. "అలిసిపోయావా? మళ్ళీ అడుగుతా. మొదటిదా?" కాదు. "రెండోదేగా?" కాదురా. అప్పుడు వచ్చింది నాకు ఆ పాడు బుద్ధి. ఇక్కడ కళ్ళెత్తేస్తే చాలు. రెండోదేనంటే టోపీ దిగుతుంది, తాడు రెండు చోట్ల బిగుసుకుంటుంది, గొంతు లేవదు. ఆఫీసరమ్మ వస్తుంది, వీడు గుండె మీద చెయ్యేసుకుని చెప్తాడు, ఆవిడ రాసుకుని పోతుంది. వీడి మనసు విరగదు. నా చేతులారా వీణ్ణి నొప్పించినట్టుండదు, మిషన్ పాడైందిలే అనుకుంటాం అందరం. ఎదురుగా వాడి తల, మధ్యలో పలచబడ్డ జుట్టు, చెవి పక్కన సిమెంటు మరక. ఈ టోపీలు ఒక్కొక్కటే పెడుతూ నన్ను తనకి దూరం చేసుకుంటున్నానని వాడికి తెలియదు. నాకు తెలుసు. నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది. వాడు ఇన్నేళ్ళూ నా మాట పూర్తిచేస్తే తిట్టుకున్నదాన్ని, ఇప్పుడు నా మాట నేనే మింగేస్తానా? గట్టిగా మూసుకున్నాను కళ్ళు. నీళ్ళు కారాయి, కారనీ.

"ఏంటక్కా, అదీ కాదు, ఇదీ కాదు! మరి ఎక్కడ పెట్టమంటావు, గాల్లో పెట్టనా?" అని అరిచాడు.

కళ్ళు తెరిచి, పైకెత్తాను.

"వెటకారమా?" మూశాను. "గాల్లోనా?" ఎత్తాను. వాడు చాలాసేపు ఆ టోపీని వేళ్ళ మధ్య తిప్పాడు. "అంటే, ఏ జతకీ వద్దా?" ఎత్తాను. పైకీ కిందికీ చూశాడు, జేబులో వేసుకోబోయి ఆగాడు. ముక్క పారేసే రకం కాదు వాడు, ఎవరింట్లో పని చేసినా మిగిలిన రెండు టైల్స్ ఇంటివాళ్ళ అటక మీద పెట్టి వస్తాడు. ఒక్క పిన్నుకి వంకరగా తగిలించి, "ఇలా ఉందా అప్పుడు?" అన్నాడు. ఇలాగే ఉందిరా. అచ్చం ఇలాగే ఉంది.

కార్డు బిగిస్తున్నాడు. తీగలు పెడుతున్నాడు. తలుపు గంట మోగింది, మరదలు వెళ్ళింది. మిషన్ బీప్ అంది, జ్ఞాపకాలు లెక్కపెట్టుకుంటోంది, ముసలిది, దాని లెక్క దానిది, తొందరపెడితే వినదు. ఆఫీసరమ్మ లోపలికొచ్చి చెప్పులు విప్పి, కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుంది. "ఎలా ఉన్నారండీ?" అని నన్నే అడిగింది. "బాగానే ఉందండీ, అక్కకి ఇక్కడే..." అని వీడు మొదలుపెట్టాడు. ఆవిడ వాడి వైపు చూడలేదు, తెర వైపు చూసింది. గడులు వెలిగాయి. పచ్చటి వెలుగు దిగడం మొదలైంది. నొక్కాను. ఆగింది.

ఆగిందండీ! నా గడ్డం కింద లోకం ఆగింది. మొదటి అక్షరం పడింది, రెండోది పడింది. 'నేను' అంది డబ్బా, జలుబు చేసిన పోలీసు గొంతుతో. వీడి పెదాలు కదిలాయి, ఏదో అందించబోయాడు, నీళ్ళో, నిద్రో. స్క్రూడ్రైవర్‌ని రెండు చేతులతో పట్టుకుని ఊరుకున్నాడు. తర్వాతి మాటకి ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు, ఎవరూ దగ్గలేదు, మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. 'అక్కడికి' అంది డబ్బా. ఇప్పుడు వీడికి తెలిసిపోయింది. తెలిసినట్టు నాకు తెలిసింది, వాడి మొహంలోకి చూడకూడదని తెర మీదే చూపు పెట్టుకున్నాను. ఇప్పుడైనా వెళ్ళనని అందుకోవచ్చు వాడు, వాడి అలవాటది, ఒక్క ముక్కతో నా నోట్లోంచి లాగేసుకోవచ్చు. కాచుకుని ఉన్నాను, పోట్లాటకి సిద్ధంగా ఉన్నాను, అక్షరం తర్వాత అక్షరం నొక్కుతూనే ఉన్నాను. వాడు అందుకోలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఆఖరి అక్షరం పడింది.

'వెల్తాను' అంది డబ్బా.

ఆఫీసరమ్మ నా కళ్ళలోకి చూసి తలూపింది. తర్వాత కాగితం మీద పెన్ను పెట్టి, తమ్ముడి వైపు తిరిగి, "ఇంట్లోవాళ్ళుగా మీరేమంటారు?" అని అడిగింది.

వాడు స్క్రూడ్రైవర్‌ని నా బల్ల మీద పెట్టాడు.

"అక్క చెప్పింది కదండీ."